పగడపు దిబ్బల మీద స్నార్కెలింగ్: నల్లగొండ, పాలమూరు వాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

నల్లగొండ, సూర్యాపేట, మహబూబ్‌నగర్, వనపర్తి, నాగర్‌కర్నూల్ వైపు నుంచి మాతో అండమాన్‌కు వచ్చే కుటుంబాలు బయల్దేరే ముందు ఫోన్లో అడిగేవన్నీ ఇక్కడ ఒక్కచోట రాశాం. సముద్రానికి ఇంత దూరంలో పుట్టి పెరిగినవాళ్లకు వచ్చే సందేహాలు వేరు. తీరిగ్గా చదవండి, ఇంట్లో పెద్దవాళ్లకు కూడా చదివి వినిపించండి.

స్నార్కెలింగ్ అంటే అసలు ఏం చేస్తారు? నీళ్ల అడుక్కు పోవాలా?

పోనక్కర్లేదు. కళ్లూ ముక్కూ కప్పే మాస్క్ పెట్టుకుని, నోట్లో ఒక గొట్టం కరిచి పట్టుకుని, నీళ్ల మీద బోర్లా తేలుతారు. ముఖం మాత్రమే నీళ్లలో ఉంటుంది. గొట్టం పై కొన బయటికి ఉంటుంది కాబట్టి ఊపిరి నోటితో ఆడుతుంటుంది. దిబ్బ దగ్గర బోటు ఆగుతుంది, గైడ్ ముందుగా దిగుతాడు, ఇద్దరిద్దరిని గాలి నింపిన ట్యూబ్ పట్టించి తీసుకెళ్తాడు. కింద రెండు మూడు మీటర్ల లోతులో పగడాలు, చేపలు కనిపిస్తుంటాయి.

సిలిండర్ కట్టుకుని లోపలికి దిగేది స్కూబా. అది వేరే పని, దానికి శిక్షణ, ఆరోగ్య పరీక్ష వేరు. స్కూబా చేసినవాళ్లు విమానం ఎక్కడానికి ముందు దాదాపు ఒక రోజు ఆగాలి. స్నార్కెలింగ్‌కు ఆ పట్టింపు లేదు.

మాకు ఈత రాదు. రావొచ్చా?

రావొచ్చు. మాతో వచ్చేవాళ్లలో ఈత రానివాళ్లే ఎక్కువ. లైఫ్ జాకెట్ వేస్తాం, చేతికి ట్యూబ్ ఇస్తాం, పక్కన గైడ్ ఉంటాడు. ఉప్పునీళ్లు మంచినీళ్ల కంటే బరువైనవి, అందుకే మనిషి చెరువులో కంటే సముద్రంలో తేలిగ్గా తేలతాడు.

నిజానికి కావలసింది ఈత కాదు, నోటితో ఊపిరి తీయడానికి అలవాటు పడటం. మొదటి రెండు నిమిషాలు అందరికీ ఒకేలా ఉంటాయి. ముక్కు మూసుకుపోయిందన్న భయంతో గబగబా పీలుస్తారు, తల పైకెత్తుతారు, తల ఎత్తగానే గొట్టం వెనక్కి వాలి నీళ్లలో మునుగుతుంది, ఒక గుక్క ఉప్పునీళ్లు నోట్లోకి పోతాయి. అప్పుడు చేయాల్సింది ఒక్కటే: నోటితో గట్టిగా ఫూ అని ఊదడం. గొట్టంలోని నీళ్లు పైనుంచి చిమ్మి బయటపడతాయి. ఇది ముందు నడుం లోతు నీళ్లలో నిలబెట్టి నేర్పిస్తాం. అక్కడ నిదానంగా పది శ్వాసలు తీయగలిగినవాళ్లనే లోపలికి తీసుకెళ్తాం. వద్దనిపిస్తే వద్దనండి, ఎవరూ బలవంతపెట్టరు. అద్దం అడుగున్న బోటులో కూర్చుని కూడా దిబ్బను చూడొచ్చు.

చిన్నప్పటి నుంచి బావిలో, కాలువలో ఈత కొట్టినవాళ్లం. లైఫ్ జాకెట్ మాకెందుకు?

ఈ ప్రశ్న అడిగేవాళ్ల మీద మాకు ఎక్కువ కన్ను ఉంటుంది. సొరకాయ బుర్ర కట్టుకుని వ్యవసాయ బావిలో దూకి నేర్చుకున్న ఈత మంచి ఈతే. కానీ అది పది చేతులు వేస్తే గట్టు దొరికే ఈత. అందులో బలమంతా కాళ్లు కొట్టడంలో ఉంటుంది. దిబ్బ మీద కాళ్లు అలా కొడితే రెండు నష్టాలు. ఒకటి, నోటి గొట్టంతో ఊపిరి చాలక పది నిమిషాల్లో ఆయాసం వస్తుంది. రెండోది, కాళ్లకు తొడిగే రెక్కల్లాంటి ఫిన్లు తగిలి పగడం కొమ్మలు పుటుక్కున విరుగుతాయి. కొమ్మలుగా పెరిగే రకం ఏడాదికి 10 నుంచి 20 సెంటీమీటర్లు పెరుగుతుంది. గుండ్రంగా, వడ్ల గుమ్మి అంత పెరిగే రకం ఏడాదికి సెంటీమీటరు అటూ ఇటూ మాత్రమే. అంటే రెండు మీటర్ల ఎత్తున్న గుండు సుమారు రెండు వందల ఏళ్ల నాటిది. మన కాలు దాన్ని ఒక్క తన్నుతో గీరేస్తుంది.

అందుకే ఈత వచ్చినా రాకపోయినా జాకెట్ అందరికీ ఉంటుంది. చేతులు ఛాతీ మీద ముడుచుకుని, కాళ్లు తుంటి నుంచి మెల్లగా ఆడిస్తూ కదలండి. ఎంత కదలకుండా ఉంటే చేపలు అంత దగ్గరికొస్తాయి. ఈత రాని అత్తమ్మ ట్యూబ్ పట్టుకుని నిశ్చలంగా తేలుతూ ఆక్టోపస్‌ను చూసొస్తుంది. ఈతలో మొనగాడైన అల్లుడు నురగ తప్ప ఏమీ చూడడు. ప్రతి సీజన్‌లో ఇది చూస్తూనే ఉంటాం.

ఇంకో మాట. అలసిపోయి, భయమేసి, కింద రాయిలాంటిది కనిపిస్తే దాని మీద నిలబడాలనిపిస్తుంది. నిలబడొద్దు. అది రాయి కాదు, ప్రాణి. పైగా మాస్క్ అద్దంలోంచి చూస్తే నీళ్లలో వస్తువులు ఉన్నదానికంటే దగ్గరగా, పెద్దగా కనిపిస్తాయి. కాలికి అందుతుందనుకున్నది అందదు. వెల్లకిలా తిరగండి, చెయ్యి పైకెత్తండి. గైడ్ వస్తాడు.

ముందుగా ఇక్కడే సాగర్‌లోనో ఎడమ కాలువలోనో ప్రాక్టీస్ చేస్తే మంచిదా?

కాలువలో వద్దు, ఎట్టి పరిస్థితుల్లోనూ వద్దు. నీళ్లు వదిలినప్పుడు కాలువ వేగం గట్టు మీద నుంచి చూస్తే తెలియదు. సిమెంటు లైనింగ్ పాచిపట్టి జారుతుంది, పైకెక్కడానికి పట్టు దొరకదు. సాగర్, జూరాల, కోయిల్‌సాగర్, డిండి బ్యాక్‌వాటర్‌లో కూడా గుంతలెక్కడున్నాయో పైకి కనిపించవు. ప్రాక్టీస్ కావాలంటే మీ ఊళ్లోని స్విమ్మింగ్ పూల్‌లో ఛాతీ లోతున, మనిషి తోడుగా చేయండి. అదీ కుదరకపోతే ఇంట్లో మాస్క్ పెట్టుకుని టీవీ ముందు పావుగంట నోటితో ఊపిరి తీస్తూ కూర్చోండి. వినడానికి వింతగా ఉన్నా చాలా పనికొస్తుంది.

అంత దూరం ఎందుకు? సోమశిలలో లాంచీ ఉంది, బంగాళాఖాతం కూడా పక్కనే కదా. అక్కడ పగడాలు ఉండవా?

దిబ్బలు కట్టే పగడాలకు ఉప్పునీళ్లు, వెచ్చదనం, వెలుతురు, తేట నీళ్లు నాలుగూ కావాలి. ఉష్ణోగ్రత 23 నుంచి 29 డిగ్రీల మధ్య ఉంటే వాటికి హాయి. సోమశిల, సాగర్ మంచినీళ్లు కాబట్టి అక్కడ పుట్టవు. ఇక కోస్తా సంగతికొస్తే, మక్తల్ దగ్గర తెలంగాణలోకి అడుగుపెట్టి జూరాల, శ్రీశైలం, సాగర్ దాటిపోయే మన కృష్ణ, అటు గోదావరి కలిసి వేల ఏళ్లుగా బంగాళాఖాతంలోకి మంచినీళ్లు, ఒండ్రు మోసుకెళ్తున్నాయి. డెల్టాలో వరి పండించేది ఆ ఒండ్రే. పగడాన్ని ఊపిరాడనివ్వనిదీ ఆ ఒండ్రే. అందుకే ఆ తీరంలో అండమాన్‌లో ఉన్నలాంటి దిబ్బలు లేవు. దేశంలో పెద్ద దిబ్బలున్న చోట్లు నాలుగు: అండమాన్ నికోబార్, లక్షద్వీప్, తమిళనాడు దగ్గర మన్నార్ సింధుశాఖ, గుజరాత్‌లో కచ్ సింధుశాఖ.

పగడం రాయా, మొక్కా, జంతువా?

జంతువు. జెల్లీఫిష్‌కు దగ్గరి చుట్టం. చాలా రకాల్లో ఒక్కో ప్రాణి మిల్లీమీటర్లలో ఉంటుంది. నోటి చుట్టూ చిన్న చిన్న చేతులుంటాయి, ఎక్కువ రకాలు వాటిని రాత్రిపూట చాచి ఆహారం పట్టుకుంటాయి. అడుగున కాల్షియం కార్బనేట్‌తో గూడు కట్టుకుంటాయి. హుజూర్‌నగర్, మేళ్లచెరువు వైపు సిమెంటు ఫ్యాక్టరీలకు తవ్వే సున్నపురాయిలో ఉండే పదార్థమే అది. మన రాయి మాత్రం పగడాలు పుట్టకముందు కాలానిది. పగడం ఒంట్లో కంటికి కనిపించని నాచు కాపురముంటుంది. ఎండతో తిండి తయారుచేసి ఎక్కువ భాగం పగడానికే ఇస్తుంది, రంగులో చాలావరకు దానిదే. సముద్రపు అడుగులో ఒక శాతం కూడా లేని ఈ దిబ్బలను నమ్ముకుని సముద్ర జీవుల్లో దాదాపు నాలుగో వంతు బతుకుతున్నాయి.

ఉంగరంలో పెట్టుకునే ఎర్ర పగడం ఇది కాదు. అది ఎక్కువగా మధ్యధరా సముద్రంలో, మరింత లోతున దొరికే వేరే జాతి.

ఏ ఏ చోట్లకు తీసుకెళ్తారు?

పోర్ట్ బ్లెయిర్‌లో దిగుతాం. 2024 నుంచి దాని పేరు శ్రీ విజయపురం, టికెట్ల మీద రెండు పేర్లూ కనిపించవచ్చు. అక్కడి నుంచి మూడు చోట్లు ముఖ్యం.

మాకు బాగా ఇష్టమైనది జాలీ బాయ్ దీవి. 1983లో ఏర్పాటైన మహాత్మా గాంధీ మెరైన్ నేషనల్ పార్కులోని 15 దీవుల్లో ఇదొకటి. వండూర్ జెట్టీ నుంచి బోటులో సుమారు గంట. అటవీ శాఖ అనుమతి ఉండాలి, ప్లాస్టిక్ సంచీ, వాడి పారేసే సీసా ఏదీ పోనివ్వరు. అక్కడ తినుబండారాల దుకాణాల్లేవు, ఆ కట్టడి వల్లే దిబ్బ ఇంకా బతికి ఉంది. దీన్ని సుమారు నవంబర్ నుంచి మే దాకా తెరుస్తారు, మిగతా కాలంలో రెడ్ స్కిన్ దీవికి పంపుతారు. దీవులకు విశ్రాంతి ఇవ్వడం కోసమే ఈ వంతులు.

రెండోది హేవ్‌లాక్‌లో, అంటే ఇప్పటి స్వరాజ్ ద్వీప్‌లో, ఎలిఫెంట్ బీచ్. జెట్టీ నుంచి అరగంటలోపు. కొత్తవాళ్లకు అనువుగా ఉంటుంది గానీ రద్దీ ఎక్కువ. పొద్దున్నే మొదటి బోటు పట్టుకుంటాం. మూడోది నీల్ దీవి, అంటే షహీద్ ద్వీప్‌లోని భరత్‌పూర్ బీచ్. అక్కడ నీళ్లు లోతు తక్కువ, పెద్దవాళ్లకు, పిల్లలకు మేలు. పోటు తగ్గినప్పుడు మాత్రం దిబ్బ మీద మోకాలి లోతు కూడా ఉండదు కాబట్టి ఆటుపోట్లు చూసి వేళ నిర్ణయిస్తాం.

ఏ నెలలు మంచివి? దసరా సెలవుల్లో కుదురుతుందా?

డిసెంబర్ నుంచి ఏప్రిల్ దాకా నీళ్లు తేటగా ఉంటాయి. సంక్రాంతి సెలవులు చక్కగా సరిపోతాయి. దసరాకు వస్తే వాన భయం ఉంటుంది, రోజులు కొంచెం ఎక్కువ పెట్టుకోండి. జూన్ నుంచి సెప్టెంబర్ దాకా మేం ఎవరినీ తీసుకెళ్లం. అండమాన్‌లో తెల్లవారుజాము 5, 6 గంటల మధ్యే పొద్దు పొడుస్తుంది, సాయంత్రం త్వరగా చీకటి పడుతుంది. ఆలస్యంగా లేచే అలవాటుంటే ఆ నాలుగు రోజులు మానుకోవాల్సిందే.

ఆడవాళ్లు ఏం వేసుకోవాలి? పుస్తెలు, మెట్టెలు తీయాలా?

ఒంటికి పట్టి ఉండే ఫుల్ హ్యాండ్స్ టీషర్టు, లెగ్గింగ్స్ వేసుకోండి. ఎండ నుంచి, గీతల నుంచి అవే కాపాడతాయి. చీర, చున్నీ, వదులు ప్యాంటు నీళ్లలో కాళ్లకు చుట్టుకుంటాయి, ప్రమాదం. బట్టలు మార్చుకునే గదులు అన్ని చోట్లా ఉండవు. పెద్ద నైటీ ఒకటి తెచ్చుకుంటే దాని లోపలే మార్చుకోవచ్చు.

నగలు బసలోనే పెట్టి రండి. నీళ్లలో వేళ్లు ముడుచుకుని ఉంగరాలు జారిపోతాయి, సముద్రంలో పడిందాన్ని వెతకలేం. పుస్తెలతాడు తీయడం ఇష్టం లేనివాళ్లు టీషర్టు లోపలికి వేసి పిన్నుతో పట్టించుకోండి, పైన లైఫ్ జాకెట్ వస్తుంది కాబట్టి కదలదు. మెట్టెలతో ఫిన్లు వేసుకుంటే పక్క వేలు ఒరుసుకుని చర్మం లేస్తుంది. తీయనంటే చెప్పండి, ఫిన్లు లేకుండా తీసుకెళ్తాం.

నెలసరి సమయంలో దిగొచ్చు. రక్తం వాసనకు సొరచేపలు వస్తాయన్నది అపోహ. ప్యాడ్ మాత్రం నీళ్లకు ఉబ్బుతుంది, కప్ గానీ టాంపాన్ గానీ అలవాటుంటే ఇబ్బంది లేదు.

మీసం, గడ్డం, కళ్లద్దాలు ఉన్నవాళ్ల సంగతి?

మాస్క్ అంచు ముక్కు కింద పెదవి మీద ఆనుతుంది. అక్కడ దట్టమైన మీసముంటే సన్నగా నీళ్లు కారుతూనే ఉంటాయి. మీసం తీసేయక్కర్లేదు, ముక్కు కింద పై అంచు మాత్రం సన్నగా కత్తిరించుకోండి చాలు. అయ్యప్ప దీక్షలో గడ్డం పెంచినవాళ్లు మాల తీశాక జనవరి చివర్లో వస్తే బాగుంటుంది.

మాస్క్ సరిపోయిందో లేదో ఇలా చూస్తారు: పట్టీ తగిలించకుండా ముఖానికి ఆనించి, ముక్కుతో గాలి లోపలికి పీల్చి, చెయ్యి వదిలేయాలి. పడిపోకుండా అతుక్కుని ఉంటే అది మీ మాస్క్. అంచు కింద ఒక్క వెంట్రుక ఇరుక్కున్నా కారుతుంది. అద్దానికి ఆవిరి పట్టకుండా లోపలివైపు ఉమ్మి రుద్ది కడుక్కోవడం సముద్రంలో తిరిగే అందరూ చేసే పనే, మొహమాటపడొద్దు. కళ్లద్దాల మీద మాస్క్ కూర్చోదు. పవర్ ఎంతో ముందుగా చెబితే పవర్ మాస్క్ దొరుకుతుందేమో చూస్తాం.

నాయనకు బీపీ, షుగర్ ఉన్నాయి. అమ్మకు మెడ, నడుము పట్టేసి ఉంటాయి. తీసుకురావొచ్చా?

తీసుకురండి, నీళ్లలోకి దింపాలా వద్దా అన్నది మాత్రం మీ డాక్టర్‌ను అడిగే తేల్చండి. గొట్టంతో ఊపిరి తీయడం గుండెకు, ఊపిరితిత్తులకు అదనపు పని. గుండె జబ్బు, అదుపులో లేని బీపీ, ఆస్తమా, ఫిట్స్ ఉన్నవాళ్లు దిగకూడదు. గర్భిణులకు బోటు కుదుపులు మంచివి కావు.

మర్రిగూడ, నాంపల్లి, మునుగోడు వైపు పెద్దవాళ్ల గురించి ప్రత్యేకంగా చెప్పాలి. ఏళ్లపాటు ఫ్లోరైడ్ నీళ్లు తాగి మెడ, వెన్ను బిగుసుకుపోయినవాళ్లు బోర్లా తేలుతూ మెడ వెనక్కి పెట్టడం చాలా కష్టం. వాళ్లను నీళ్లలోకి దింపం. అలాగని ఒడ్డున కూర్చోబెట్టి వచ్చేయం. అద్దం బోటులో బెంచీ చివర కూర్చుని కింద చూసే ఏర్పాటు ముందే చేసి ఉంచుతాం. జెట్టీ నుంచి బోటులోకి అడుగు వేసేచోట ఇద్దరు పట్టుకుంటారు. ఫోన్లోనే ఈ విషయం చెప్పండి, దాచొద్దు.

పిల్లలను ఏ వయసు నుంచి దింపుతారు?

8 ఏళ్లు దాటి, నోటి గొట్టం పెదవులకు సరిగ్గా పట్టి, చెప్పింది వినేవాళ్లయితే సరే. పిల్లల సైజు జాకెట్ తప్పనిసరి. పెద్దల జాకెట్ బిగించి వేస్తే అది పైకి జారి మెడ దగ్గరికొస్తుంది.

సొరచేపలు, మొసళ్లు ఉంటాయట?

దిబ్బల దగ్గర కనిపించే చిన్న సొరలు మనిషిని చూస్తే తప్పుకుంటాయి. మొసళ్ల సంగతి వేరు. అండమాన్‌లో ఉప్పునీటి మొసళ్లు ఉన్నాయి, మడ అడవులు, వాగులు సముద్రంలో కలిసేచోట్ల తిరుగుతాయి. హెచ్చరిక బోర్డు ఉన్నచోట, పొద్దుగూకాక, గైడ్ లేకుండా నీళ్లలో దిగకూడదు. ఈ నియమంలో మాకు సడలింపు లేదు.

రోజువారీగా ఇబ్బంది పెట్టేవి ఇంకా చిన్నవి: ముళ్ల బంతిలాంటి సీ అర్చిన్, రాయిలా పడి ఉండే స్టోన్ ఫిష్, ముట్టుకుంటే మంటపుట్టే ఫైర్ కోరల్. దేన్నీ ముట్టుకోకపోతే వీటిలో ఒక్కటీ మీ జోలికి రాదు. ముల్లు గుచ్చుకుంటే ఓర్చుకోగలిగినంత వేడినీళ్లలో ఆ భాగాన్ని ఉంచి ఆసుపత్రికి తీసుకెళ్తాం.

బోటులో వాంతులైతే?

పరగడుపున రావొద్దు, పూరీలు దండిగా తిని కూడా రావొద్దు. రెండు ఇడ్లీలు సరిపోతాయి. మాత్ర వేసుకునేవాళ్లు డాక్టర్‌ను అడిగి ఎక్కడానికి అరగంట ముందే వేసుకోండి, కడుపులో తిప్పడం మొదలయ్యాక పెద్దగా పనిచేయదు. వెనకవైపు మధ్యలో కూర్చుని, ఫోన్ చూడకుండా, దూరంగా నీళ్లూ ఆకాశమూ కలిసేచోట చూడండి. సోమశిల నుంచి శ్రీశైలం దాకా లాంచీలో హాయిగా వెళ్లొచ్చాం కదా అని ధీమా పడొద్దు, సముద్రపు అల వేరు.

బోటు ఎక్కే రోజు కల్లు, బీరు, ఏదీ వద్దు. తాగినవాళ్లను నీళ్లలోకి దింపం, డబ్బు తిరిగి ఇవ్వం.

సన్‌స్క్రీన్, కొబ్బరినూనె రాసుకోవచ్చా?

తలకు నూనె పెట్టుకోవద్దు. మాస్క్ పట్టీ జారుతుంది, నీళ్ల మీద జిడ్డు తేలుతుంది. సన్‌స్క్రీన్‌లలో వాడే ఆక్సీబెంజోన్, ఆక్టినోక్సేట్ అనే రసాయనాలు పగడాలకు హాని చేస్తాయని హవాయి రాష్ట్రం 2021 నుంచి వాటి అమ్మకాన్నే నిషేధించింది. ఒళ్లంతా కప్పే బట్టలుంటే రాసుకునే అవసరం చాలావరకు తప్పుతుంది. బోర్లా తేలుతాం కాబట్టి వీపు, పిక్కలు బాగా కాలతాయి, అక్కడ తప్పకుండా గుడ్డ ఉండాలి.

చేపలకు బిస్కెట్లు వేయొచ్చా? పిల్లలు సరదా పడతారు.

వేయొద్దు. బిస్కెట్‌కు అలవాటు పడ్డ చేప నాచు మేయడం తగ్గిస్తుంది, నాచు పెరిగి పగడాన్ని కమ్మేస్తుంది. పిల్లలకు అంతకంటే మంచి సరదా ఉంది. చిలక ముక్కులాంటి మూతి ఉన్న ప్యారెట్ ఫిష్ దిబ్బను కొరికేటప్పుడు చెవి ఒగ్గమనండి. నీళ్లలో టకటకమని ఆ శబ్దం స్పష్టంగా వినిపిస్తుంది. కాసేపటికి దాని వెనక నుంచి తెల్లటి ఇసుక పొగలా జారుతుంది. బాగా పెద్ద ప్యారెట్ ఫిష్ ఒక్కటే ఏడాదికి వందల కిలోల ఇసుక అలా తయారుచేస్తుంది. మీరు నడిచొచ్చిన తెల్లటి బీచ్‌లో కొంత దాని చలవే.

ఒడ్డున పడి ఉన్న పగడం ముక్క ఇంటికి తెచ్చుకోవచ్చా?

చచ్చిన ముక్కైనా తేకూడదు. పగడాలు వన్యప్రాణి రక్షణ చట్టం మొదటి షెడ్యూల్‌లో ఉన్నాయి, పులికి ఉన్న రక్షణే వాటికీ ఉంది. విమానాశ్రయంలో బ్యాగులు స్కాన్ చేస్తారు, దొరికితే కేసు. పిల్లల జేబులు మీరే ఒకసారి తడిమి చూసుకోండి.

వీడియోల్లో చూసినన్ని రంగులు నిజంగా ఉంటాయా?

అన్నిచోట్లా ఉండవు. కొంత కారణం నీళ్లే: కొన్ని మీటర్ల లోతుకే ఎరుపు రంగు మాయమవుతుంది, వీడియోల్లో లైటు వేసి లేదా రంగు దిద్ది చూపిస్తారు. ఇంకో కారణం బాధ కలిగించేది. 2004 డిసెంబర్ 26 నాటి భూకంపానికి ఉత్తర అండమాన్‌లో నేల పైకి లేచి, దిబ్బలు నీళ్లలోంచి బయటపడి ఎండిపోయాయి. 1998, 2010, 2016లో సముద్రం వేడెక్కి పగడాలు తమలోని నాచును వదిలేసి తెల్లగా మారిపోయాయి. వేడి త్వరగా తగ్గితే కోలుకుంటాయి, తగ్గకపోతే చనిపోతాయి. మీరు చూసే దిబ్బలో బతికిన భాగం, బూడిదరంగుకు తిరిగిన భాగం పక్కపక్కనే ఉంటాయి. గైడ్ రెండూ చూపిస్తాడు. అంతా రంగులమయం అని చెప్పి మిమ్మల్ని రప్పించడం మాకిష్టం లేదు.

అక్కడ భాష, భోజనం?

పోర్ట్ బ్లెయిర్‌లో తెలుగువాళ్లు చాలామంది, తరాల కిందటే వెళ్లి స్థిరపడ్డారు. తెలుగు వినిపిస్తుంది, పప్పన్నం దొరుకుతుంది. చిన్న దీవుల్లో కారం తక్కువ. పచ్చడి సీసా తెచ్చుకోండి, జాలీ బాయ్ వెళ్లే రోజు మాత్రం స్టీలు డబ్బాలో పెట్టుకోండి.

మీతో కాకుండా సొంతంగా వెళ్తే బోటువాళ్లను ఏమడగాలి?

ఒక గైడ్‌కు ఎంతమంది, పిల్లల జాకెట్లు ఉన్నాయా, లంగరు ఇసుకలో వేస్తారా దిబ్బ మీద వేస్తారా, ధరలో ఫొటోలు, అనుమతి కలిసి ఉన్నాయా అని అడగండి. లంగరు ప్రశ్నకు విసుక్కునే బోటు ఎక్కొద్దు. జాకెట్ బకిల్ మీ చేత్తో బిగించి చూసుకోండి.

వాతావరణం బాగాలేక బోటు ఆపేస్తే డబ్బులు పోతాయా?

పోవు. గాలి పెరిగితే బోట్లు ఆపాలని అధికారులు చెబుతారు, మేం బతిమాలం. మర్నాడు కుదిరితే మర్నాడు తీసుకెళ్తాం, కుదరకపోతే ఆ ట్రిప్పు డబ్బు తిరిగి ఇస్తాం. దీవుల మధ్య ఫెర్రీలు కూడా ఆగిపోవచ్చు. అందుకే తిరుగు విమానానికి ముందురోజు పోర్ట్ బ్లెయిర్‌లోనే ఉండేలా ప్రయాణం వేస్తాం, ఆ ఒక్క రోజు తగ్గించమని అడగొద్దు.